కారు ఏసీ గొట్టంలో లీకు: ఇంటి దగ్గర చేయగల మరమ్మతు, దాని హద్దులు

యూనిట్ – 6

విషయక్రమం
6.0 లక్ష్యాలు
6.1 పరిచయం
6.2 ఏసీ వలయం పనిచేసే తీరు
6.3 గొట్టం నిర్మాణం, లీకుకు కారణాలు
6.4 లీకును కనుగొనడం
6.5 అతుకు ఎందుకు నిలవదు?
6.6 భద్రతా నియమాలు
6.7 గొట్టం మార్చే విధానం
6.8 వాక్యూమ్ చేయడం, గ్యాసు నింపడం
6.9 గ్యాసు, వాతావరణం
6.10 సారాంశం
6.11 మీ ప్రగతిని తెలుసుకోండి: సమాధానాలు
6.12 నమూనా పరీక్ష ప్రశ్నలు
6.13 పదకోశం

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• కారు ఏసీలో గ్యాసు ఎందుకు తగ్గుతుందో వివరించగలుగుతారు.
• లీకు ఎక్కడ ఉందో ఇంటి దగ్గరే గుర్తించగలుగుతారు.
• గొట్టానికి అతుకు వేయడం ఎందుకు పనికిరాదో చెప్పగలుగుతారు.
• గొట్టం మార్చడంలో ఏ పని మీరు చేసుకోవచ్చో, ఏ పనికి యంత్రం, శిక్షణ అవసరమో వేరు చేయగలుగుతారు.

6.1 పరిచయం

పంచారామాలలో ద్రాక్షారామం ఒకటి. కార్తిక మాసంలో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట క్షేత్రాలను ఒకే రోజున దర్శించుకోవాలని చాలామంది కార్లు మాట్లాడుకుంటారు. వేసవిలో పెళ్లిళ్ల బేరాలు ఉంటాయి. ఈ ప్రాంతంలో ఒక కారును అద్దెకు నడుపుకొని బతికే వ్యక్తిని ఉదాహరణగా ఊహించుకుందాం. ఏప్రిల్‌లో ఏసీ చల్లదనం తగ్గింది. షాపుకు వెళితే "గ్యాసు అయిపోయింది" అన్నారు, నింపారు. మూడు వారాలు బాగానే ఉంది. మళ్లీ వేడిగాలి మొదలైంది. మళ్లీ నింపించాడు. మే నెలలో, పెళ్లి బృందం కారులో ఉండగా, కంప్రెసర్ గట్టిగా శబ్దం చేసి పట్టేసింది. ఇప్పుడు ఖర్చు గ్యాసుది కాదు, కంప్రెసర్‌ది. బేరాలు పోయిన రోజులు దానికి అదనం.

ఈ ఉదాహరణలో పొరపాటు "గ్యాసు అయిపోయింది" అన్న మాటలోనే ఉంది. పెట్రోలు వాడితే అయిపోతుంది. ఏసీలో గ్యాసు అలా ఖర్చు కాదు. అది మూసి ఉన్న వలయంలో తిరుగుతూనే ఉంటుంది. కొద్ది నెలల్లో తగ్గిందంటే ఎక్కడో బయటికి పోతున్నదని అర్థం. కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న "ఎంత నింపాలి?" అన్నది కాదు, "ఎక్కడ పోతున్నది?" అన్నది. ఈ ప్రశ్నకు సమాధానం వెతకడం చాలావరకు ఇంటి దగ్గర సాధ్యమే. ఆ తరువాతి పనులలో కొన్ని మాత్రమే ఇంటి దగ్గర చేయదగినవి. ఈ హద్దును స్పష్టంగా తెలుసుకోవడమే ఈ యూనిట్ ఉద్దేశం.

6.2 ఏసీ వలయం పనిచేసే తీరు

కొత్త కుండలో నీళ్లు చల్లబడడం మనకు తెలిసినదే. కుండ రంధ్రాల గుండా పైకి వచ్చిన నీరు ఆవిరి అవుతూ, దానికి కావలసిన వేడిని కుండలోని నీటి నుంచి తీసుకుంటుంది. ఏసీ సూత్రం కూడా ఇదే. తేడా రెండు విషయాలలో ఉంది. ఇక్కడ నీటికి బదులు చాలా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మరిగే ద్రవాన్ని వాడతారు. ఆవిరి అయిన దాన్ని గాలిలోకి వదలకుండా, మళ్లీ ద్రవంగా మార్చి తిరిగి వాడుకుంటారు. ఈ ద్రవాన్ని శీతలకారి అంటారు. షాపుల్లో దీన్నే "ఏసీ గ్యాసు" అంటారు. మన రోడ్ల మీద ఉన్న కార్లలో ఎక్కువ వాటిలో ఉండేది ఆర్-134ఎ. సాధారణ వాతావరణ పీడనం వద్ద ఇది మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది.

వలయంలో నాలుగు ప్రధాన భాగాలు ఉంటాయి.

1. కంప్రెసర్: ఇంజను బెల్టుతో తిరుగుతుంది. తక్కువ పీడనంలో ఉన్న ఆవిరిని పీల్చుకొని నొక్కుతుంది. ఆవిరి బాగా వేడెక్కుతుంది.
2. కండెన్సర్: రేడియేటరు ముందు ఉంటుంది. వేడి ఆవిరి ఇక్కడ బయటి గాలికి వేడిని ఇచ్చి ద్రవం అవుతుంది.
3. ఎక్స్‌పాన్షన్ వాల్వు: సన్నని దారి గుండా ద్రవాన్ని వదులుతుంది. పీడనం ఒక్కసారిగా పడిపోతుంది.
4. కూలింగ్ కాయిల్: డాష్‌బోర్డు లోపల ఉంటుంది. ఇక్కడ ద్రవం ఆవిరి అవుతూ కారులోని గాలి వేడిని తీసుకుంటుంది.

వీటితోపాటు ద్రవంలోని తేమను పీల్చుకునే రిసీవర్ డ్రయర్ ఉంటుంది. గ్యాసుతో కలిసి కొద్దిపాటి నూనె కూడా వలయమంతా తిరుగుతుంది. కంప్రెసర్ అరిగిపోకుండా కాపాడేది ఆ నూనే.

ఇంజను ఊగుతుంది. కండెన్సర్, కూలింగ్ కాయిల్ కారు బాడీకి బిగించి ఉంటాయి. కాబట్టి కంప్రెసర్‌ను వాటితో కలిపే దారిలో వంగగల రబ్బరు గొట్టాలు తప్పనిసరి. కంప్రెసర్‌లోకి వచ్చే లావు గొట్టాన్ని సక్షన్ గొట్టం అంటారు. పనిచేసేటప్పుడు ఇది చల్లగా ఉంటుంది. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వెళ్లే గొట్టాన్ని డిశ్చార్జి గొట్టం అంటారు. ఇది చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. మండు వేసవిలో దీనిలోని పీడనం 200 నుంచి 250 పి.ఎస్.ఐ. వరకు ఉంటుంది. కారు టైరులోని గాలి పీడనానికి ఇది 6 నుంచి 8 రెట్లు.

మీ ప్రగతిని తెలుసుకోండి – I
గమనిక: మీ సమాధానాలను యూనిట్ చివర ఇచ్చిన సమాధానాలతో పోల్చి చూసుకోండి.
1. ఏసీలో గ్యాసు "అయిపోయింది" అనడం ఎందుకు సరికాదు?
2. కంప్రెసర్‌కు ఇరువైపులా రబ్బరు గొట్టాలు ఎందుకు వాడతారు?

6.3 గొట్టం నిర్మాణం, లీకుకు కారణాలు

ఏసీ గొట్టం చూడడానికి నల్లటి రబ్బరు పైపులాగే ఉంటుంది. కోసి చూస్తే అందులో పొరలు కనిపిస్తాయి. గ్యాసు అణువులు రబ్బరు గుండా నెమ్మదిగా ఊరిపోగలవు. దానిని ఆపడానికి లోపల నైలాన్ పొర ఉంటుంది. దాని మీద రబ్బరు, పీడనాన్ని తట్టుకోవడానికి దారాల అల్లిక, అన్నిటికంటే పైన ఎండను, వేడిని ఓర్చుకునే మరో రబ్బరు పొర ఉంటాయి. గొట్టం చివర అల్యూమినియం గొట్టానికి తొడిగి, పైన లోహపు తొడుగు పెట్టి, యంత్రంతో చుట్టూ సమానంగా నొక్కుతారు. ఈ తొడుగును ఫెర్రూల్ అని, నొక్కే పనిని క్రింపింగ్ అని అంటారు. అల్యూమినియం గొట్టం వేరే భాగానికి కలిసే చోట ఓ-రింగు ఉంటుంది.

లీకు సాధారణంగా కింది చోట్ల వస్తుంది.

అ) క్రింపింగ్ దగ్గర: ఇంజను అదురుకు, వేడి చల్లదనాల మార్పుకు పట్టు సడలుతుంది. గొట్టానికి సంబంధించిన లీకులలో మొదట అనుమానించవలసిన చోటు ఇదే.

ఆ) ఓ-రింగు దగ్గర: సంవత్సరాలు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి, పగులుతుంది.

ఇ) రాపిడి వల్ల: గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు ఊడితే, అది బాడీ అంచుకో బ్రాకెట్టుకో రాసుకుంటూ అరిగిపోతుంది.

ఈ) తుప్పు వల్ల: సముద్రానికి దగ్గరగా ఉన్న ప్రాంతాలలో గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. కాకినాడ, యానాం వైపు రోజూ తిరిగే బండ్లలో దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఇనుప బోల్టు, అల్యూమినియం పైపు ఒకదానికొకటి తగిలే చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం త్వరగా తినివేయబడుతుంది. దాని మీద తెల్లటి పొడి కనిపిస్తుంది.

ఉ) ఎలుకల వల్ల: దాళ్వా కోతలయ్యాక చేలలో తిండి తగ్గుతుంది. చేల పక్కన, గడ్డివాముల పక్కన, ధాన్యపు కొట్ల దగ్గర రాత్రిళ్లు కారు నిలిపేవారు బానెట్ కింద ఎలుక పళ్ల గాట్ల కోసం వెతకాలి.

6.4 లీకును కనుగొనడం

చల్లదనం తగ్గిన ప్రతిసారీ లీకే కారణం కాదు. బెల్టు జారడం, కండెన్సర్ ఫ్యాను తిరగకపోవడం, కండెన్సర్ రెక్కలలో మట్టి పేరుకుపోవడం, క్యాబిన్ ఫిల్టరు మూసుకుపోవడం కూడా అదే లక్షణాన్ని చూపుతాయి. ముందు వీటిని చూడండి.

మరొక అపోహను కూడా తొలగించుకోవాలి. ఏసీ వేసిన కారు కింద నీళ్లు కారితే చాలామంది లీకు అనుకుంటారు. అది కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారి, చిన్న గొట్టం ద్వారా బయటికి పడడమే. డెల్టా ప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఈ నీరు కూడా ఎక్కువగానే పడుతుంది. ఇది లోపం కాదు. గ్యాసు లీకైతే అది నీళ్లలా కారదు, కనిపించకుండా గాలిలో కలుస్తుంది. అది వదిలిపెట్టే గుర్తు నూనె.

మొదటి పద్ధతి – కంటితో చూడడం: ఇంజను ఆపి, చల్లారనివ్వండి. తాళం తీసి పక్కన పెట్టండి. టార్చి వేసి గొట్టాలను ఒక కొస నుంచి మరో కొస వరకు చూడండి. నూనె పడిన చోట దుమ్ము అంటుకొని జిడ్డు మరకలా ఉంటుంది. ఫెర్రూల్ చుట్టూ, పైపు కలిసే చోట్ల, గొట్టం అడుగు భాగంలో శుభ్రమైన తెల్లగుడ్డతో తుడిచి చూడండి. ఇంజను ఆయిలు మరకతో పొరబడకుండా, ఆ చోటును తుడిచి, కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూడండి.

రెండవ పద్ధతి – సబ్బు నురుగు: గిన్నెలు తోమే ద్రవపు సబ్బును కొద్ది నీటిలో చిక్కగా కలిపి, కుంచెతో అనుమానం ఉన్న చోట్ల పూయండి. పంచరు షాపులో ట్యూబును చూసినట్లే, కానీ ఎక్కువ ఓపికతో చూడాలి. చిన్న లీకు పెద్ద బుడగలు ఇవ్వదు. రెండు మూడు నిమిషాల తరువాత సన్నని తెల్లటి నురుగు గుత్తిగా కనిపిస్తుంది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఏసీ నడుస్తున్నప్పుడు సక్షన్ గొట్టంలో పీడనం తక్కువ. ఇంజను ఆపిన కొంతసేపటికి రెండువైపులా పీడనం సమానమై, సక్షన్ వైపు పీడనం పెరుగుతుంది. వలయంలో ద్రవం మిగిలి ఉంటే 30 డిగ్రీల వద్ద అది సుమారు 97 పి.ఎస్.ఐ. ఉంటుంది. కాబట్టి సక్షన్ గొట్టాన్ని ఇంజను ఆపి ఉన్నప్పుడే పరీక్షించాలి. డిశ్చార్జి గొట్టాన్ని ఏసీ కాసేపు నడిపి, ఇంజను ఆపిన వెంటనే, చేయి తగలకుండా పరీక్షించాలి. తిరుగుతున్న ఫ్యాను, బెల్టు దగ్గర కుంచె పెట్టకూడదు.

మూడవ పద్ధతి – రంగు, అతినీలలోహిత టార్చి: గ్యాసుతోపాటు కొద్దిగా రంగుద్రవాన్ని షాపులో ఎక్కిస్తారు. కొన్ని రోజులు నడిపాక చీకటిలో అతినీలలోహిత టార్చి వేస్తే లీకు ఉన్నచోట పసుపుపచ్చ రంగు మెరుస్తుంది. ఈ టార్చి వెలుగును నేరుగా కళ్లలో పడనీయకూడదు.

సర్వీసు పోర్టులను మరచిపోవద్దు. వాటిలో టైరు వాల్వు వంటి పిన్ను ఉంటుంది. మూత తీసి ఒక చుక్క సబ్బునీరు వేసి చూడండి. ఒక్కోసారి గొట్టం మార్చనవసరం లేకుండా లోపం ఇక్కడే దొరుకుతుంది. పరీక్ష అయ్యాక ఆ చోటును ఆరబెట్టి, మూత తప్పక బిగించండి. పిన్నును మాత్రం ఎప్పుడూ నొక్కవద్దు.

మీ ప్రగతిని తెలుసుకోండి – II
3. కారు కింద పడే నీళ్లు గ్యాసు లీకుకు గుర్తా? వివరించండి.
4. సక్షన్ గొట్టాన్ని ఇంజను ఆపి ఉన్నప్పుడు ఎందుకు పరీక్షించాలి?

6.5 అతుకు ఎందుకు నిలవదు?

లీకు దొరికింది. వెంటనే మనసుకు తట్టేది అతుకు. సైకిలు ట్యూబుకు అతుకు నిలుస్తున్నప్పుడు, దీనికి ఎందుకు నిలవదు అనే సందేహం సహజమే.

మొదటి కారణం పీడనం. ట్యూబును టైరు బయటి నుంచి అదిమి పట్టి ఉంచుతుంది. ఏసీ గొట్టం మీద వేసిన టేపును, ఎం-సీల్ వంటి ముద్దను పట్టి ఉంచేది ఏదీ లేదు. లోపలి నుంచి 200 పి.ఎస్.ఐ. నెట్టుతుంటే అది పొరలాగా ఊడి వస్తుంది.

రెండవది నూనె. లీకు అంచు ఎప్పుడూ నూనెతో తడిగా ఉంటుంది. తుడిచినా పొరల మధ్య నుంచి మళ్లీ ఊరుతుంది. జిడ్డు మీద జిగురు అంటదు.

మూడవది గొట్టం నిర్మాణమే. నైలాన్ పొర ఒక చోట పగిలితే గ్యాసు పైపొరల మధ్య దారి చేసుకొని మరోచోట బయటికి వస్తుంది. మనం అతుకు వేసేది గ్యాసు బయటపడిన చోట, పగిలిన చోట కాదు.

కొందరు చెడిన ముక్కను కోసి, మధ్యలో ఇత్తడి గొట్టం పెట్టి, ఇరువైపులా బిగింపు పట్టీలు వేస్తారు. ఇది నీటి గొట్టానికి సరిపోతుంది. ఏసీ గొట్టానికి చుట్టూ సమానమైన ఒత్తిడి కావాలి. పట్టీ ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా నొక్కుతుంది. పెట్రోలు గొట్టాన్ని బదులు వాడడం కూడా తప్పే. దానిలో గ్యాసును ఆపే నైలాన్ పొర ఉండదు.

డబ్బాలలో దొరికే లీకు మూసే ద్రవాలలో కొన్ని తేమ తగిలినప్పుడు గట్టిపడేవి. అవి వలయంలోని తేమతో కలిసి ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని దారిలోనే గట్టిపడే ప్రమాదం ఉంది. గ్యాసు తీసే యంత్రాలను కూడా పాడు చేస్తాయి. అటువంటిది ఇదివరకు వాడి ఉంటే మెకానిక్కుకు ముందే చెప్పండి.

అన్నిటికంటే హానికరమైన ఉపాయం మరొకటి ఉంది. గ్యాసు బాగా తగ్గినప్పుడు పీడనపు స్విచ్చి కంప్రెసర్‌ను ఆపివేస్తుంది. దాని రెండు తీగలను కలిపి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పడం కొందరికి అలవాటు. గ్యాసు తిరగకపోతే నూనె తిరగదు. నూనె అందని కంప్రెసర్ పట్టేస్తుంది. లోపలి లోహపు పొడి వలయమంతా పాకుతుంది. ఒక గొట్టంతో పోయే ఖర్చు కంప్రెసర్, కండెన్సర్, డ్రయర్ వరకు పెరుగుతుంది. 6.1లో చూసిన ఉదాహరణలో మళ్లీ మళ్లీ గ్యాసు నింపినా ఫలితం అలాగే ముగిసింది. లీకుతో గ్యాసు మాత్రమే కాదు, ప్రతిసారీ కొంత నూనె కూడా పోతుంది. నింపినది గ్యాసును మాత్రమే.

6.6 భద్రతా నియమాలు

• గ్యాసు ఉన్న వలయంలో ఏ నట్టునూ వదులు చేయవద్దు. బయటికి చిమ్మే ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతూ చర్మాన్ని, కళ్లను గడ్డకట్టిస్తుంది. కంటి అద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. చర్మం మీద పడితే రుద్దకుండా గోరువెచ్చని నీటితో కడగాలి. కంట్లో పడితే నీటితో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
• ఆర్-134ఎ ఆవిరి గాలి కంటే సుమారు మూడున్నర రెట్లు బరువైనది. మూసిన షెడ్డులో, గుంటలో నేల మీద పేరుకొని, ఊపిరాడకుండా చేస్తుంది. పని ఆరుబయట చేయాలి.
• దగ్గరలో మంట, బీడీ, వెల్డింగు ఉండకూడదు. మంటలో ఈ గ్యాసు విరిగి, హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఏర్పడతాయి.
• టైర్లకు కొట్టే గాలితో గాని, ఆక్సిజన్‌తో గాని వలయాన్ని పరీక్షించకూడదు. నూనె, ఆక్సిజన్ కలిస్తే పేలుడు జరగవచ్చు. దీనికి పొడి నైట్రోజన్ మాత్రమే, పీడనాన్ని అదుపుచేసే రెగ్యులేటరుతో వాడతారు.
• వంటగ్యాసును శీతలకారిగా ఎక్కించుకోవద్దు. ప్రయాణికులు కూర్చునే చోటికే గొట్టం వస్తుంది. అక్కడ లీకైతే ఒక్క నిప్పురవ్వ చాలు.

6.7 గొట్టం మార్చే విధానం

మొదటి దశ – గ్యాసు తీయించడం. ఈ పని ఇంట్లో కాదు. గ్యాసును లాగి సిలిండరులోకి పట్టే రికవరీ యంత్రం ఉన్న షాపులో చేయించాలి. అన్ని షాపులలోనూ ఈ యంత్రం ఉండదు. బండి అప్పగించే ముందే "గ్యాసు యంత్రంతో తీస్తారా, గాలిలోకి వదిలేస్తారా?" అని అడగండి. గ్యాసు తీశాక వలయంలో పీడనం సున్నా అని గేజి మీద చూసి నిర్ధారించుకోండి. లీకు వల్ల మొత్తం పోయింది అనుకున్నప్పుడు కూడా గేజి చూడకుండా నమ్మకూడదు. ఆ తరువాత ఏసీ స్విచ్చి వేయకుండా కారును ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇంజను నడిచినంతసేపూ కంప్రెసర్ తిరిగే రకమైతే, ఇలా నడపవచ్చునో లేదో షాపులోనే అడిగి తెలుసుకోండి.

రెండవ దశ – గొట్టం విప్పడం. బ్యాటరీ నెగెటివ్ తీగను తీయండి. గొట్టం వెళ్లే దారిని, క్లిప్పుల స్థానాలను ఫోనుతో ఫొటో తీసుకోండి. కలిసే చోట్లను తుడిచి శుభ్రం చేయండి. రెండు నట్లు ఎదురెదురుగా ఉన్నచోట ఒక స్పానరుతో ఒకదాన్ని పట్టి ఉంచి, రెండో స్పానరుతో రెండోదాన్ని తిప్పాలి. ఒక్క స్పానరుతో తిప్పితే అల్యూమినియం పైపు మెలిపడి చిట్లుతుంది.

గొట్టం ఊడిన మరుక్షణమే తెరిచి ఉన్న కొసలన్నిటినీ శుభ్రమైన పాలిథిన్ ముక్కతో కప్పి రబ్బరు బ్యాండు వేయండి. ఇది చిన్న పనిగా కనిపించినా చాలా ముఖ్యం. ఏసీ నూనె, ముఖ్యంగా పిఎజి రకం, గాలిలోని తేమను ఉప్పులాగే పీల్చుకుంటుంది. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లే మన ప్రాంతంలో తెరిచి వదిలిన పైపు ఒక్క పూటలోనే తేమను నింపుకుంటుంది. ఆ తేమ లోపల ఆమ్లాలు ఏర్పడడానికి, ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచు కట్టడానికి కారణమవుతుంది. వలయం ఎక్కువసేపు తెరిచి ఉంటే రిసీవర్ డ్రయర్‌ను కూడా మార్చాలి.

మూడవ దశ – కొత్త గొట్టం. మీ కారు మోడలుకు, తయారైన సంవత్సరానికి సరిపడే కొత్త గొట్టం దొరికితే అదే మేలు. దొరకనప్పుడు పాత గొట్టపు అల్యూమినియం కొసలు బాగుంటే, వాటికి కొత్త రబ్బరు గొట్టం వేసి క్రింపింగ్ చేయించవచ్చు. ట్రాక్టర్లకు, ప్రొక్లెయిన్లకు హైడ్రాలిక్ పైపులు చేసే షాపులలో క్రింపింగ్ యంత్రం ఉంటుంది. అయితే యంత్రం ఉంటే చాలదు. మూడు విషయాలు అడగాలి. గొట్టం లోపల నైలాన్ పొర ఉన్న ఏసీ గొట్టమేనా? ఫెర్రూల్, దాన్ని నొక్కే అచ్చు ఏసీ గొట్టానికి సంబంధించినవేనా? ఆర్-134ఎకు పనికి వస్తుందని గొట్టం మీద ముద్ర ఉందా? ఏసీ గొట్టాలను 6, 8, 10, 12 అనే నంబర్లతో పిలుస్తారు. వాటి లోపలి వ్యాసం వరుసగా సుమారు 8, 10, 13, 16 మిల్లీమీటర్లు. పాతదాని నంబరు, పొడవు, రెండు కొసలూ ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో గీతపెట్టి గుర్తించుకున్నాకే కోయించండి. కొస కొద్దిగా పక్కకు తిరిగినా గొట్టం మెలిపడి కూర్చుంటుంది.

నాలుగవ దశ – బిగించడం. పాత ఓ-రింగును మళ్లీ వాడకూడదు. ఆర్-134ఎకు తగిన, అదే కొలత గల కొత్త ఓ-రింగును ఏసీ నూనెతో తడిపి కూర్చోబెట్టండి. పొడిగా పెడితే మెలిపడి తెగుతుంది. మరల మీద తెల్ల టేపు చుట్టవద్దు. ఇక్కడ గ్యాసును ఆపేది ఓ-రింగు, మర కాదు. నట్టును ముందు చేతితో తిప్పి, ఆ తరువాత స్పానరుతో మాన్యువల్‌లో చెప్పినంత బలంతోనే బిగించండి. అతిగా బిగిస్తే అల్యూమినియం మర చెడిపోతుంది. గొట్టం సైలెన్సరు పైపుకు, బెల్టుకు, పదునైన అంచులకు తగలకుండా క్లిప్పులన్నీ యథాస్థానంలో వేయండి. పాత గొట్టంతో పోయిన నూనెను ఎంత భర్తీ చేయాలో, ఏ రకం నూనె వాడాలో మాన్యువల్ చూసి షాపువారికి చెప్పండి.

మీ ప్రగతిని తెలుసుకోండి – III
5. విప్పిన పైపు కొసలను వెంటనే ఎందుకు మూయాలి?
6. ఓ-రింగును నూనెతో తడిపి ఎందుకు పెట్టాలి?

6.8 వాక్యూమ్ చేయడం, గ్యాసు నింపడం

ఇక్కడి నుంచి పని మళ్లీ షాపులో జరుగుతుంది. అయినా అక్కడ ఏం జరగాలో తెలిసి ఉంటే, జరుగుతున్నదో లేదో మీరు గమనించగలరు.

ముందుగా పొడి నైట్రోజన్‌తో పీడన పరీక్ష చేసి, కలిపిన చోట్ల సబ్బు నురుగు పూసి చూడడం మంచి పద్ధతి. తరువాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను లాగివేస్తారు. పీడనం తగ్గితే నీరు తక్కువ ఉష్ణోగ్రత వద్దే మరుగుతుంది. 30 డిగ్రీల వద్ద నీరు మరగాలంటే లోపలి పీడనం 32 మిల్లీమీటర్ల పాదరసం కంటే తగ్గాలి. మామూలు వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్లు అని గుర్తుచేసుకోండి. పంపు ఈ స్థాయికి చేరి, అక్కడే కొంతసేపు నడిస్తేనే తేమ ఆవిరై బయటికి పోతుంది. అందుకే సాధారణంగా 30 నుంచి 45 నిమిషాలు నడుపుతారు. అయిదు నిమిషాలలో ఆపితే గాలి పోతుంది, తేమ మిగిలిపోతుంది.

పంపు ఆపాక గేజి ముల్లు కదలకుండా నిలబడాలి. ముల్లు వెనక్కి వస్తే లీకు ఉన్నట్లు, లేదా తేమ మిగిలినట్లు. అయితే ముల్లు నిలిచినంత మాత్రాన పూర్తిగా నిశ్చింత కాదు. వాక్యూమ్‌లో గొట్టం మీద పనిచేసే తేడా ఒక వాతావరణ పీడనం, అంటే సుమారు 14.7 పి.ఎస్.ఐ. మాత్రమే. అదికూడా బయటి నుంచి లోపలికి. ఏసీ నడిచేటప్పుడు 200 పి.ఎస్.ఐ. లోపలి నుంచి బయటికి నెడుతుంది. నైట్రోజన్ పరీక్ష విలువ ఇక్కడ తెలుస్తుంది.

చివరగా గ్యాసు. దీన్ని తూకంతో నింపాలి. బానెట్ కింద అంటించిన చీటీలో గ్యాసు రకం, బరువు గ్రాములలో ఉంటాయి. కార్లలో ఇది సాధారణంగా 400 నుంచి 700 గ్రాముల మధ్య ఉంటుంది. గేజి పీడనం చూసి మాత్రమే నింపడం నమ్మదగినది కాదు. వలయంలో కొంత ద్రవం, కొంత ఆవిరి ఉన్నంతకాలం, ఆగి ఉన్న బండిలో గేజి చూపేది ఉష్ణోగ్రతకు తగిన పీడనాన్నే. 100 గ్రాములున్నా, 500 గ్రాములున్నా అది దాదాపు ఒకటే చూపుతుంది. తక్కువైతే చల్లదనం రాదు. ఎక్కువైతే పీడనం పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది.

6.9 గ్యాసు, వాతావరణం

పాత కార్లలో ఆర్-12 అనే గ్యాసు ఉండేది. క్లోరిన్ ఉన్న ఇటువంటి గ్యాసులు ఓజోన్ పొరను హరిస్తాయని 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు చూపారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరింది. ఆర్-12కు బదులుగా కార్లలోకి ఆర్-134ఎ వచ్చింది. ఇది ఓజోన్ పొరకు హాని చేయదు. కానీ భూమిని వేడెక్కించే శక్తి దీనికి చాలా ఎక్కువ. 100 సంవత్సరాల లెక్కలో ఒక కిలో ఆర్-134ఎ 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమని కిగాలి సవరణలో తీసుకున్నారు.

దీన్ని ఒక లెక్కగా చూద్దాం. కారులోని 500 గ్రాముల గ్యాసు గాలిలో కలిస్తే అది 715 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక్కసారి గ్యాసు వదిలేయడం సుమారు 310 లీటర్ల పెట్రోలు కాల్చడంతో సమానం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు ఆ పెట్రోలుతో 4,600 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. లీకును అలాగే ఉంచి మళ్లీ మళ్లీ గ్యాసు నింపినప్పుడు ఈ లెక్క ప్రతిసారీ పునరావృతమవుతుంది.

2016లో కుదిరిన కిగాలి సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం మన దేశం ఇటువంటి గ్యాసుల వాడకాన్ని 2032 నుంచి దశలవారీగా తగ్గించి, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. 2019లో విడుదలైన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్ష మంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ, ధ్రువపత్రం ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. గ్యాసును వదిలేయకుండా పట్టి మళ్లీ వాడడం తెలిసిన మెకానిక్కుకు మున్ముందు విలువ పెరుగుతుంది. ఈ రంగంలోకి రాదలచినవారు ఐ.టి.ఐ.లలోని రిఫ్రిజరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడును పరిశీలించవచ్చు.

కొత్త కార్లలో కొన్నిటికి ఆర్-1234వైఎఫ్ అనే గ్యాసు వస్తున్నది. ఇది వాతావరణాన్ని చాలా తక్కువగా వేడెక్కిస్తుంది, కానీ స్వల్పంగా మండే గుణం ఉంది. చీటీలో ఈ పేరు ఉంటే ఆర్-134ఎ కలపకూడదు.

6.10 సారాంశం

కారు ఏసీలో గ్యాసు ఖర్చు కాదు, లీకై పోతుంది. క్రింపింగ్, ఓ-రింగు, రాపిడి, ఉప్పుగాలి తుప్పు, ఎలుకలు లీకుకు ముఖ్య కారణాలు. నూనె మరక, సబ్బు నురుగు, రంగు పరీక్షల ద్వారా లీకును ఇంటి దగ్గరే గుర్తించవచ్చు. పీడనం, నూనె, పొరల నిర్మాణం వల్ల అతుకు నిలవదు. గొట్టాన్ని మార్చాలి, లేదా సరైన ఏసీ గొట్టంతో క్రింపింగ్ చేయించాలి. లీకు వెతకడం, గ్యాసు తీశాక గొట్టం విప్పడం, బిగించడం నేర్పు ఉన్నవారు ఇంటి దగ్గర చేయవచ్చు. గ్యాసు తీయడం, నైట్రోజన్ పరీక్ష, వాక్యూమ్, తూకంతో నింపడం యంత్రాలు ఉన్నచోటనే జరగాలి. ఈ వరుస పాటిస్తే కంప్రెసర్, బేరం, చేతులు, కళ్లు, గాలి అన్నీ నిలుస్తాయి.

6.11 మీ ప్రగతిని తెలుసుకోండి: సమాధానాలు

1. గ్యాసు మూసి ఉన్న వలయంలో తిరుగుతుంది. అది వాడకం వల్ల తరగదు. తగ్గితే లీకు ఉన్నట్లు.
2. ఇంజనుతోపాటు కంప్రెసర్ ఊగుతుంది. మిగతా భాగాలు బాడీకి బిగించి ఉంటాయి. ఆ కదలికను ఓర్చుకోవడానికి.
3. కాదు. అది గాలిలోని తేమ కూలింగ్ కాయిల్ మీద నీరుగా మారి పడడం.
4. ఏసీ నడిచేటప్పుడు ఆ గొట్టంలో పీడనం తక్కువ. ఆపిన తరువాత పెరుగుతుంది కాబట్టి నురుగు స్పష్టంగా వస్తుంది.
5. గాలిలోని తేమ లోపలికి చేరకుండా. ఏసీ నూనె తేమను త్వరగా పీల్చుకుంటుంది.
6. పొడిగా ఉంటే బిగించేటప్పుడు మెలిపడి తెగుతుంది.

6.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. కారు ఏసీ గొట్టం మార్చే విధానాన్ని దశలవారీగా వివరించండి. ఏ దశలు ఇంటి దగ్గర చేయదగినవో కారణాలతో తెలపండి.
2. లీకును గుర్తించే పద్ధతులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. ఏసీ గొట్టానికి వేసిన అతుకు ఎందుకు నిలవదు?
2. గ్యాసును పీడనం చూసి కాక తూకంతో ఎందుకు నింపాలి?
3. వాక్యూమ్ పరీక్షకు ఉన్న పరిమితి ఏమిటి?

III. అభ్యాసం
మీ ఇంట్లో లేదా మీ వీధిలో ఉన్న ఒక కారు బానెట్ తెరిపించి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు సక్షన్, డిశ్చార్జి గొట్టాలను గుర్తించండి. చీటీలో ఉన్న గ్యాసు రకం, బరువు వ్రాసుకోండి. ఆ గ్యాసు ఆర్-134ఎ అయితే, మొత్తం లీకైనప్పుడు ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమో 6.9లోని లెక్క ప్రకారం కనుక్కోండి.

6.13 పదకోశం

శీతలకారి: ఆవిరి అవుతూ వేడిని తీసుకొని చల్లదనాన్ని ఇచ్చే ద్రవం. వాడుకలో ఏసీ గ్యాసు.
సక్షన్ గొట్టం: కూలింగ్ కాయిల్ నుంచి కంప్రెసర్‌కు ఆవిరిని తెచ్చే గొట్టం.
డిశ్చార్జి గొట్టం: కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వేడి ఆవిరిని తీసుకుపోయే గొట్టం.
ఫెర్రూల్: గొట్టం కొస మీద తొడిగి నొక్కే లోహపు తొడుగు.
క్రింపింగ్: ఫెర్రూల్‌ను యంత్రంతో చుట్టూ సమానంగా నొక్కడం.
రికవరీ యంత్రం: వలయంలోని గ్యాసును గాలిలోకి పోకుండా లాగి సిలిండరులో పట్టే యంత్రం.
పి.ఎస్.ఐ.: చదరపు అంగుళానికి పౌండ్లలో చెప్పే పీడనపు కొలత.